పెరట్లో మీటరుగేజి



పావు లీటరు నీళ్లు, సిగరెట్ లైటర్లలో నింపే గ్యాసు కొంచెం, చెంచాడు నూనె. ఈ మాత్రం సరంజామాతో ఒక ఆవిరి ఇంజను ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట కూడా పెట్టెల్ని లాగుతూ పట్టాల మీద తిరుగుతుంది. లోపల రాగి బాయిలరు, దాన్ని కాచే మంట, పక్కన సిలిండర్లు, వాటిలో పిస్టన్లు, అన్నీ నిజమైనవే. ఇంజను మాత్రం రెండు చేతుల్లో పట్టేంత. పావు లీటరు నీళ్లతో రైలు నడుస్తుందంటే మన అనంతపురం జిల్లాలో ఎవరైనా ఒక చెవి ఇటు వేస్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సంసారం చేసేవాళ్లం, నీళ్ల లెక్క మనకు చెప్పాలా!

ఇంటి పెరట్లోనో మిద్దె మీదో చిన్న పట్టాలు పరిచి, కొలత తగ్గించి చేసిన ఇంజన్లను వాటి మీద నడపడం, చెడితే విప్పి బాగుచేసుకోవడం కొందరికి అభిరుచి. దీన్ని పెరటి రైలు అందాం. ఇంగ్లండులో ఈ వేడుకకు నూరేళ్లు దాటాయి. అక్కడ 1898లో 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక మొదలైంది. 1920ల నుంచి అందులో ఒకాయన చిన్న ఆవిరి ఇంజను చేసుకునే పద్ధతి విడవకుండా రాస్తూ వచ్చాడు. సొంత పేరు పెట్టుకోలేదు. తాను ఒకప్పుడు పనిచేసిన రైల్వే కంపెనీ పొడి అక్షరాలే, 'ఎల్.బి.ఎస్.సి.' అని, కలం పేరు. పక్కన నిలబడి పని నేర్పే మేస్త్రీ మాట ఎలా ఉంటుందో ఆ రాత అలా ఉండేది. దాన్ని పట్టుకుని లేతు తప్ప వేరే ఆస్తి లేని మామూలు మనుషులు ఎందరో తమ ఇళ్ల వెనక ఇంజన్లు చేసి నడిపారు.

మన దేశంలో చిన్న రైలు అనగానే గ్వాలియరు ప్యాలెస్‌లో భోజనాల బల్ల మీద మద్యం, చుట్టలు మోసుకుంటూ తిరిగే వెండి రైలు సంగతి చెబుతారు. అది రాజుగారి ముచ్చట, మనకెందుకు. పుణెలో జోషీగారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, వీలైతే పిల్లల్ని తీసుకెళ్లండి. తెలుగునేల మీద చిన్న రైలును గౌరవంగా పనిలో పెట్టుకున్న చోటు సికింద్రాబాదు. తార్నాకలో రైల్వే సిగ్నల్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ అనే సంస్థ 1957 నుంచి ఉంది. అక్కడి మోడల్ రూములో చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్లు పెట్టి పాఠం చెబుతారు. తప్పు సిగ్నల్ ఇస్తే ఏమవుతుందో పెద్ద రైలు మీద నేర్పలేరు కదా.

అనంతపురానికీ ఈ అభిరుచికీ ఏం సంబంధమని అడగొచ్చు. సంబంధం పట్టాల వెడల్పులో ఉంది.

మద్రాసు రైల్వే వేసిన లైను గుత్తి, గుంతకల్లు మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. అది బ్రాడ్‌గేజి. ఆ తర్వాత గుంతకల్లు నుంచి బెంగళూరు వైపు, హుబ్లీ వైపు వేసినవి మీటరుగేజి. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు పోయిందీ మీటరుగేజే. గుంతకల్లులో ఒక గేజి బండి దిగి ఇంకో గేజి బండి ఎక్కడం మన ముందు తరానికి అలవాటైన పని. బెంగళూరు లైను 1980లలో బ్రాడ్‌గేజి అయింది. పాకాల లైను చివరిదాకా మిగిలి, అదీ 2010 ప్రాంతానికి మారిపోయింది. ఈరోజు మన సీమలో మీటరుగేజి బండి ఎక్కుదామంటే లేదు.

ఇప్పుడు జర్మనీ వెళదాం. న్యూరెంబర్గులో లేమాన్ అనే పాత బొమ్మల కంపెనీ 1968లో ఎల్.జి.బి. పేరుతో ఆరుబయట నడిపే రైళ్లు తెచ్చింది. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. వాళ్లు అసలు కొలతను 22.5తో భాగించి బొమ్మ చేశారు. ఒక మీటరును 22.5తో భాగించి చూడండి. 44 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే ప్రపంచంలో పెరటి రైళ్లకు ఎక్కువగా వాడే ఆ 45 మిల్లీమీటర్ల పట్టా లెక్కకు మీటరుగేజి పట్టాయే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. అదే కొలతకు తగ్గిస్తే 74 దాటుతుంది, ఆ వెడల్పు పట్టా బజారులో దొరకదు. బ్రాడ్‌గేజి బండిని బొమ్మ చేయబోయిన ప్రతివాడూ ఇక్కడ తల గోక్కుంటాడు. మీటరుగేజి చేయబోయినవాడికి మాత్రం దారి ముందే వేసి ఉంది. పాకాల లైను నేల మీద పోయినా పెరట్లో వేసుకోవచ్చన్నమాట, ఒక్క మిల్లీమీటరు కూడా అబద్ధం చెప్పకుండా.

మన లైన్ల మీద తిరిగిన వైపీ ఇంజను గుర్తుందా? ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. టెండరుతో కలిపి పంతొమ్మిది మీటర్లు. పెరట్లో అది 85 సెంటీమీటర్లు అవుతుంది. అంత పొడుగు ఇంజనుకు బొమ్మల పెట్టెలో వచ్చే 60 సెంటీమీటర్ల వంపు చాలదు, రెండు మీటర్ల పైన వ్యాసార్ధం కావాలి. చోటు లేనివాళ్లు వైడీఎం-4 డీజిలు చేసుకోవచ్చు. ముప్పాతిక మీటరు లోపే సరిపోతుంది. దాని కింద రెండు బోగీలు విడివిడిగా తిరుగుతాయి కాబట్టి వంపుల దగ్గర పేచీ పెట్టదు.

పొడవు 22.5 రెట్లు తగ్గితే పైచర్మం 506 రెట్లు తగ్గుతుంది, లోపలి ఘనపరిమాణం 11 వేల రెట్లకు పైగా తగ్గుతుంది. వైపీ టెండరులో 13 వేల లీటర్ల పైన నీళ్లు పట్టేవి. బొమ్మ టెండరులో లీటరు చిల్లర. బాయిలరూ అదే దామాషాలో కుంచించుకుపోతుంది. లోపల నీళ్లు కాసినే, చుట్టూ గాలి తగిలే చర్మం మాత్రం వాటికి మించిన మోతాదులో ఉంటుంది. అందుకే చిన్న ఇంజను తొందరగా చల్లారిపోతుంది. చలిదేశాల్లో దీనికోసం బాయిలరు చుట్టూ గుడ్డ, చెక్కముక్కలు కడతారు. మనకు ఎండ కొంత సాయం చేస్తుంది. ఎండకు ఇంకేమైనా మంచి గుణం ఉందేమో నేను వెతకలేదు.

ఇక నీళ్ల నాణ్యం. బోరు నీళ్లు పోస్తే బాయిలరు పాడవుతుంది. ఇది పెద్ద ఇంజన్ల కాలం నుంచీ ఉన్న గొడవ. దక్కన్ పీఠభూమి నీటిలో సున్నం, ఉప్పు ఎక్కువ. మరిగేకొద్దీ అవి పొరలుగా పేరుకుంటాయి. పొర దళసరి అయితే వేడి నీటికి చేరదు, లోహమే కాలిపోతుంది. ఉప్పు పాలు ఎక్కువైతే నీళ్లు నురగ కట్టి ఆవిరితోపాటు సిలిండర్లలోకి వస్తాయి. లోకో షెడ్డులో క్రమం తప్పకుండా 'వాషవుట్' చేసి, బాయిలరు చల్లార్చి, మూతలు విప్పి, ఆ బురదంతా కడిగేవారు. చిన్న ఇంజనులో చేయి దూరదు కాబట్టి పొర కట్టకుండా చూసుకోవడమే గతి. వాన నీళ్లు మేలు. మొదటి జల్లు మిద్దె మీది దుమ్ము కడిగి పోయాక, తర్వాతి వాన పట్టి, గుడ్డలో వడకట్టి డబ్బాలో దాచుకోండి. ఒక బకెట్టు దాచుకుంటే ఏభై సార్లు నడపొచ్చు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లూ పనికొస్తాయి. ఇప్పటికే పొర పట్టి ఉంటే వంటింటి నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీటిలో కరిగించి పోసి, కాసేపు ఉంచి, రెండు మూడు సార్లు మంచి నీళ్లతో తొలిచి పారబోయండి.

మరమ్మతు సంగతికి వస్తున్నాను. నాకు నడపడం కంటే ఇదే ఎక్కువ ఇష్టం. నడిపితే పిల్లలు చప్పట్లు కొడతారు, నిజమే. విప్పినప్పుడు మాత్రం చేసినవాడి బుర్ర కనిపిస్తుంది.

విదేశం నుంచి బంధువులు తెచ్చిన పాత కరెంటు ఇంజను అటక మీద దొరికిందనుకోండి. వెంటనే కరెంటు ఇవ్వకండి. ముందు చేత్తో చక్రం తిప్పి చూడండి. ఏళ్ల తరబడి పడి ఉంటే లోపలి గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. అప్పుడు కరెంటిస్తే మోటారు తిరగలేక వేడెక్కి కాలుతుంది. అడుగు స్క్రూలు విప్పి, ఏ స్క్రూ ఏ రంధ్రానిదో తెలిసేలా కోడిగుడ్ల ట్రేలో వరసగా పెట్టుకోండి. పాత గ్రీజు తుడిచేసి, ప్లాస్టిక్కును తినని కొత్త గ్రీజు పళ్ల మీద పల్చగా రాయండి. చక్రం ఒక చుట్టుకు ఒకసారి టక్కుమంటోందా? ఇరుసు మీది నైలాను గేరు చీలింది. జిగురుతో అతికిస్తే ఆ పూటకే. లేతు మీద ఇత్తడి బుష్షు చేయించి దాని మీద కొత్త పళ్లు ఎక్కించాలి. మోటారు ఆగి ఆగి తిరుగుతూ నిప్పురవ్వలు వస్తుంటే కార్బన్ బ్రష్షులు అరిగాయి. కంపెనీ బ్రష్షుకు జర్మనీ రాయనక్కర్లేదు. మిక్సీ బ్రష్షును నునుపు ఉప్పుకాగితం మీద కొలతకు అరగదీసి పెట్టొచ్చు. కమ్యుటేటరు నల్లబడి ఉంటే స్పిరిటు గుడ్డతో తుడిచి, రాగి పలకల మధ్య సందుల్లో పేరుకున్న మసిని అగ్గిపుల్ల మొనతో తీసేయండి.

ఇక్కడ మన జిల్లాకు ఒక వరం ఉంది. బోర్లు వేసి వేసి మోటార్లు కాల్చుకున్న నేల కాబట్టి ప్రతి ఊరి బస్టాండు దగ్గరా ఒక మోటారు వైండింగ్ షాపు ఉంటుంది. పక్కనే లేత్ వర్క్‌షాపు. వేలి గోరంత మోటారు వాళ్ల ముందు పెడితే మొదట నవ్వుతారు, తర్వాత కళ్లద్దాలు పెట్టుకుంటారు. కరువు మనకిచ్చిన విద్యల్లో ఇదొకటి.

ఆవిరి ఇంజనుకైతే ఇంకో ఇంటి తలుపు తట్టాలి, కంసాలి ఇంటిది. చిన్న బాయిలరును వెండి కలిపిన టంకంతో అతుకుతారు. మామూలు తగరం-సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. చదరపు అంగుళానికి 60 పౌండ్ల ఒత్తిడిలో ఆవిరి 153 డిగ్రీలు ఉంటుంది. నీళ్లున్నంతసేపు పరవాలేదు. నీళ్లు అయిపోయి మంట ఇంకా మండుతుంటే నిమిషాల్లో అతుకు కారిపోతుంది. కాబట్టి వెండి టంకం, దానికి వెలిగారం. ఆ రెండూ కంసాలికి తాతల నాటి నుంచి చేతిలో ఉన్నవే. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. అతికిన బాయిలరును ఆవిరితో పరీక్షించకూడదు. పూర్తిగా చన్నీళ్లతో నింపి, గాలి లేకుండా చేసి, చేతిపంపుతో నడిపే ఒత్తిడికి రెట్టింపు దాకా నీటి ఒత్తిడి ఎక్కించి చూడాలి. నీరు నొక్కుకుపోదు కాబట్టి ఎక్కడైనా అతుకు ఊడితే చుక్క కారి ఆగిపోతుంది. అదే ఆవిరైతే పేలుతుంది. సేఫ్టీ వాల్వు పనిచేయని ఇంజనును, అది ఎంత ముద్దొచ్చినా, వెలిగించకండి. పిల్లలు ఉన్నచోట అసలే వద్దు.

నూనె విషయంలో మనవాళ్లకు ఆముదం గుర్తొస్తుంది. తప్పేం లేదు, వెనకటి రోజుల్లో ఇండియా రైల్వేల్లో పెద్ద బండ్లకే ఆముదం పూశారు. చిన్న ఇంజనులో మాత్రం ఆరిపోయి జిగురు కడుతుంది. సిలిండరుకు ఆవిరి ఇంజన్ల కోసం చేసిన చిక్కటి నూనె వేరే ఉంది, అదే పోయాలి. అది లోపలికి పోయే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. నూనె డబ్బీలోకి చేరిన ఆవిరి చల్లబడి నీటిబొట్టవుతుంది. నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది, దిగిన మేరకు నూనె పైకి లేచి ఆవిరి గొట్టంలోకి పొర్లుతుంది. పంపు లేదు, వత్తి లేదు. నడిపాక ఆ డబ్బీలోని నీళ్లు తీసేసి మళ్లీ నూనె నింపడం మర్చిపోతే మర్నాడు సిలిండరు కీచుమంటుంది. పిస్టను కడ్డీ దగ్గర ఆవిరి కారుతుంటే కొళాయి మేస్త్రీలు వాడే టెఫ్లాన్ టేపును దారంలా పురిపెట్టి చుట్టండి.

రేడియోలో బొమ్మ చూపలేను కాబట్టి చప్పుడు గురించి చెబుతాను. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు దెబ్బలు వినిపించాలి. కుడి క్రాంకుకు, ఎడమ క్రాంకుకు 90 డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి ఆ నాలుగూ సమంగా పడతాయి. మూడు గట్టిగా, ఒకటి మెత్తగా వినిపిస్తే ఒక వాల్వు జరిగింది. కుంటుతూ వినిపిస్తే ఒక చక్రం ఇరుసు మీద మెలి తిరిగి ఆ 90 డిగ్రీలు తప్పింది. గుంతకల్లు షెడ్డులో పాత ఫిట్టర్లు ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూనే వెళ్లే బండి జబ్బు చెప్పేవారని అంటారు. చిన్న ఇంజనుకూ అదే వైద్యం. చిత్రమేమంటే బొమ్మ సరైన వేగంతో నడిస్తే దాని దెబ్బల లయ అసలు ఇంజను లయతో సరిగ్గా ఒకటవుతుంది. వేగమూ, చక్రమూ రెండూ 22.5 రెట్లు తగ్గాయి కదా. ఆ సరైన వేగం ఎంత? అసలు బండి గంటకు 50 కిలోమీటర్లు పోతే పెరటి బండి సెకనుకు 62 సెంటీమీటర్లు పోవాలి. పన్నెండు మీటర్ల చుట్టుకు ఇరవై సెకన్లు. మనవాళ్లు అయిదారు సెకన్లలో తిప్పేస్తారు. పాకాల ప్యాసింజరు ఎప్పుడన్నా అంత వేగంగా పోయిందా!

పట్టాలు వేయడానికి తాడిపత్రి బండలు ఉండగా సిమెంటు దండగ. నేలకు అడుగున్నర ఎత్తులో రాళ్ల మీద బండ పలకలు పరిచి, దాని మీద పట్టా బిగిస్తే వంగి చూడనక్కర్లేదు, దుమ్మూ తక్కువ. పరుపుకు క్రషర్ పొడి. అతుకు దగ్గర సందు వదలండి. ఇత్తడి పట్టా పది మీటర్లకు, తెల్లవారుజాము చలికీ మేనెల మధ్యాహ్నానికీ మధ్య 7 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. సందు లేకపోతే పట్టా పాములా లేస్తుంది. కరెంటును పట్టాల్లో పంపే పద్ధతి మన దుమ్ముకు పనికిరాదని నా అభిప్రాయం. రోజూ పట్టాలు తుడవడమే సరిపోతుంది. బ్యాటరీని పెట్టెలో పెట్టి రిమోటుతో నడపడం మేలు. అప్పుడు ఇత్తడి కూడా అక్కర్లేదు, హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్నని అల్యూమినియం పట్టీలే చాలు. లిథియం బ్యాటరీని, గ్యాసు డబ్బాను ఎండలో వదలకండి. ఆషాఢం గాలికి బర్నరు నిలవదు, ఆ నెలల్లో తెల్లవారగానే నడుపుకోండి.

విదేశీ పుస్తకాలు పెరటి రైలుకు పచ్చిక కావాలంటాయి. మనకు వద్దు. గుత్తి కొండ గుండ్లలాంటివి రోడ్డు పక్కనే దొరుకుతాయి, రెండు తెచ్చి పెడితే కొండ. బ్రహ్మజెముడు ముక్క నాటితే నీళ్లడగదు. కదిరి స్టేషను పక్కన కుండీలో మర్రి పెంచితే తిమ్మమ్మ మర్రిమాను. పెన్న మీద వంతెన కట్టాలంటే కింద ఇసుక పోయండి, నీళ్లు పోస్తే ఎవరూ నమ్మరు.

దేశంలో బ్రాడ్‌గేజి మీద మామూలు ఆవిరి బండ్లు 1995 డిసెంబరుతో ఆగిపోయాయి. మన షెడ్లలో ఆ ఇంజన్ల మీద చేయి పెట్టి పనిచేసినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. వాల్వు ఎలా సరిచేసేవారో, నురగ కట్టే నీటికి ఏ మందు వేసేవారో, పాకాల లైనులో ఏ ఎత్తు దగ్గర బండి మొరాయించేదో వాళ్ల నోటిలో ఉంది, పుస్తకాల్లో లేదు. గుంతకల్లు, గుత్తి, ధర్మవరంలో ఉన్న ఆ పెద్దలకు నా మనవి. ఇంట్లో మనవడినో మనవరాలినో కూర్చోబెట్టుకుని ఒక నోటుపుస్తకంలో మీ ఇంజను బొమ్మ వేయించండి, కొలతలు రాయించండి, మీరు పలికిన మాటల్లోనే రాయించండి. మిగతా పని లేత్ షాపువాళ్లు, కంసాలులు చూసుకుంటారు.